మురుగుకు సరిహద్దు ఉందా?

అడవిపొలం (యానాం): పేరులో అడవి ఉంది, పొలం ఉంది. ఇప్పుడక్కడ కనిపించేవి ఇళ్లే. 2001 జనాభా లెక్కల్లో యానాం ప్రాంతం మొత్తానికి 31,394 మంది. 2011 వచ్చేసరికి 55,626 అయ్యారు. ముప్పై చదరపు కిలోమీటర్ల ముక్కలో పదేళ్లకే 77 శాతం పెరుగుదల! జనం పెరిగితే మురుగూ పెరుగుతుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల నీరివ్వాలనేది ప్రభుత్వాల లెక్క. అందులో 80 శాతం వాడాక బయటికొస్తుంది. 2011 జనాభానే పట్టుకున్నా రోజుకు 60 లక్షల లీటర్లన్నమాట.

ఇదంతా ఎటు పోవాలి? ఊరి పక్కనే గౌతమి నుంచి కోరంగి పాయ చీలుతుంది. డ్రెయిన్లో పడ్డ నీటికి ఈ పాయలే దిక్కు. కోరంగి పాయ ఆంధ్రాలోకి వెళ్లి, మడ అడవుల మీదుగా కాకినాడ సముద్రంలో కలుస్తుంది. రొయ్యపిల్ల, పీతపిల్ల పెరిగేది ఆ మడల్లోనే. వాటి మీద బతికే వేటగాళ్లలో ఎక్కువమంది అవతలి గట్టువాళ్లు. అలాగని యానాం ఒక్కదాన్నే తప్పుపడితే అన్యాయం. ఎగువన రాజమహేంద్రవరం నుంచి వచ్చే గోదారీ శుభ్రంగా ఏమీ రావడం లేదు. పులస ఎదురీదేది ఈ నీళ్లలోనే మరి.

సెప్టిక్ ట్యాంకు ఉంది కదా, ఇంకేం భయం అనుకుంటారు చాలామంది. ట్యాంకు చేసేది సగం పనే. మడ్డి అడుగున ఉండిపోతుంది, పైనీరు ఇంకుడు గుంతలోకి పోయి నేలలో వడకట్టుకోవాలి. డెల్టాలో రెండు మూడు అడుగులు తవ్వితే నీరొచ్చే చోట గుంతకు ఇంకే దారేది? దాంతో గొట్టం కాస్తా వీధి కాలువలోకి తిరుగుతుంది. సముద్రం పోటు మీదుంటే కాలువ నీరు బయటికి పోదు, వెనక్కి తంతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు యానాం వీధులు మునిగాయి. అలాంటప్పుడు ఏది గోదారి నీరో, ఏది ట్యాంకు నీరో ఎవరు చెప్పగలరు?

పుదుచ్చేరి నగరానికి లాస్‌పేట, దుబ్రాయపేట, కనగనేరిలో శుద్ధి కేంద్రాలున్నాయి. వాటి పైపులు 800 కిలోమీటర్లు దాటి ఇక్కడికి రావు కదా! ఊరంతటికీ భూగర్భ డ్రైనేజీ వేద్దామంటే నేల బల్లపరుపు, అడుగడుగునా పంపులు కావాలి. అందాకా ఆగకుండా ట్యాంకర్లు తోడే మడ్డిని శుద్ధి చేసే చిన్న ప్లాంటుతో మొదలుపెట్టడం మేలు. వరంగల్‌లో 2017లోనే ఇలాంటిది పెట్టారు. గోదారి గట్టునే ఉన్న నరసాపురంలోనూ ఉంది.

అసలు చిక్కు అధికారంలో ఉంది. ఇవతల పుదుచ్చేరి కాలుష్య నియంత్రణ కమిటీ, అవతల ఆంధ్రా బోర్డు. ఒకరి నోటీసు మరొకరి గట్టు మీద చెల్లదు. దీనికి 1974 నాటి జలకాలుష్య చట్టంలోనే మందుంది. కేంద్రపాలిత ప్రాంతం తరఫున కేంద్రం, దాన్ని ఆనుకుని ఉన్న రాష్ట్రం ఒప్పందం చేసుకుని ఉమ్మడి బోర్డు పెట్టుకోవచ్చని 13వ సెక్షన్ చెబుతోంది. యానాంను చూసి రాశారా అన్నట్టుంటుంది! ఖర్చు ఎవరెంత భరించాలో కూడా ఆ ఒప్పందంలోనే తేల్చుకోవచ్చు. దాని మీద సంతకాలు పెట్టాల్సింది ఢిల్లీ, అమరావతి. పుదుచ్చేరి చేయాల్సింది ఆ ఫైలు కదిలించడం.