అంతయు మనదేనా?

బ్యాంకాకని లోకము పిలుచు నగరమును ఆ దేశీయులు క్రుంగ్ థేప్ అని వ్యవహరింతురు. అదియు సంక్షేపనామమే. పూర్ణనామము రోమన్ లిపిలో 168 అక్షరముల పొడవు గలదై, స్థలనామములన్నిటిలోను దీర్ఘమైనదిగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. మహానగర, అమర, రత్న, మహేంద్ర, అయోధ్య, నవరత్న, రాజధాని, ఉత్తమ, రాజనివేశన, విశ్వకర్మ ఇత్యాది పదములు దండలోని పూలవలె కూర్చబడిన ఆ పేరును ప్రయాణమునకు ముందటి రాత్రి నా భార్యకు చదివి, ఒక్కొక్క పదమునకు వ్యాఖ్యానము చెప్పి, తుదకు “ఇంకేముంది, అంతా మనదే!” అని తేల్చితిని. పెట్టె సర్దుకొనుచున్న ఆమె తలయెత్తకయే, “మనదే అయితే పాస్‌పోర్టెందుకండీ?” అనెను. ఆ ప్రశ్నకు సమాధానము దొరకుటకు నాకొక దినము పట్టినది.

మరునాటి ఉదయము రాజప్రాసాదపు ప్రాకారము చెంతకు చేరుసరికి, ఇస్త్రీచొక్కా తొడిగిన పెద్దమనిషి యొకడు ఎదురువచ్చి, మేము భారతీయులమని గ్రహించి, “రామాయణ్, సేమ్ సేమ్” అని చేతులు జోడించి, ఈ పూట పూజలున్నవి గావున కోట మూసినారనియు, అంతలో తానొక టుక్‌టుక్‌ను చౌకగా కుదిర్చెదననియు నమ్మబలికెను. ఆ ‘సేమ్ సేమ్’కే నా మనస్సు కరగిపోయెను. ఆ మూడుచక్రముల బండి మమ్ము ఊరెల్ల త్రిప్పి రత్నాల దుకాణము ముంగిట నిలిపినపుడు గాని మోసము బోధపడలేదు. కోట ఏనాటివలెనే ఎనిమిదిన్నరకు తెరచియే యుండెను. మన గొప్ప మనకే చెప్పి మన జేబు తడుముట అచ్చటి మోసగాండ్రకు పాత విద్యయట. ఎండలో నిలబడి అందుకు చింతించుచు నేనుండగా, “అంతా మనదే అన్నారుగా, ఇదీ మనదే” అని మా ఆవిడ నవ్వెను.

ఇప్పుడు మొదటి రామరాజుగా వ్యవహరింపబడు భూపతి 1782లో రాజధానిని చావో ఫ్రాయా నది తూర్పుటొడ్డునకు మార్చి, ఆ కోటను, దానిలోని మరకతబుద్ధుని ఆలయమును నిర్మింపజేసెను. ఆలయపు చుట్టుమండపముల గోడలపై రామకథ 178 చిత్రములుగా సాగుచుండును. ఆకుపచ్చని మొగముగల దశకంఠుడు అచ్చట తొసకాన్, విభీషణుడు ఫిఫేక్. పేర్లు పోల్చుకొనుచు ఉత్సాహముగా నడచుచున్న నేను సేతుబంధనఘట్టమున ఆగిపోయితిని. వానరులు వేసిన రాళ్లను రావణుని కూతురగు మత్స్యకన్య సువన్నమచ్చా సముద్రములో తరలించుకొనిపోవుచుండగా, హనుమంతుడు ఆమెను వెన్నాడి పట్టుకొని, ప్రేమించి, కుమారుని గాంచునట! ఆజన్మబ్రహ్మచారికి ఈ అపవాదమా యని నేను కోపగించుకొనుచుండగా, “ఉడుత సాయం వాల్మీకిలో ఉందా?” అని ఆమె అడిగెను. లేదు, రంగనాథ రామాయణాదులవలన అది మన యింటికి వచ్చినది. “మరి మైరావణుడి కథలో మత్స్యవల్లభుడు ఎవరి కొడుకు?” చెమటబిందువును మ్రింగిన చేపకు పుట్టినను వాడును హనుమంతుని కొడుకే. ఒకే సేతువుపై మనవారు ఉడుతను నడిపిరి, వారు మత్స్యకన్యను ఈదించిరి. నా కోపమున కాధారము లేకపోయెను.

గర్భాలయమున ఉన్నతపీఠముపై ఆసీనుడైన మరకతబుద్ధుని ఎత్తు 66 సెంటీమీటర్లు మాత్రమే. ఆయనకు సంవత్సరమునకు మూడుమారులు రాజే స్వయముగా వస్త్రములు మార్చును: వేసవికొకటి, వానకొకటి, చలికొకటి. మన పంచాంగపు ఆరు ఋతువులు అచ్చటివారికి పనికిరాలేదు. తమ మబ్బును, తమ ఎండను చూచి తమ దేవునికి బట్టలు కుట్టించుకొన్నారు.

మధ్యాహ్నము వాట్ ఫో ఆలయమున 46 మీటర్ల పొడవున శయనించియున్న బుద్ధుని చూచితిమి. పాదతలములపై ముత్యపుచిప్పతో పొదిగిన మంగళచిహ్నములు 108. ఆయన వెనుకగోడ పొడుగునను వరుసగా నిలిపిన కంచుపాత్రలును 108. కొద్దిపాటి బాట్‌లిచ్చి గిన్నెడు చిల్లర పుచ్చుకొని, పాత్రకొక్కటి చొప్పున వేయుచు పోవలెను. నాణెము పడినప్పుడెల్ల ఖంగుమను సవ్వడి ఆ విశాలమందిరమున వానచినుకులవలె వినిపించుచుండును. మూడు పాత్రలు మిగిలియుండగానే మా ఆవిడ గిన్నెలో చిల్లర నిండుకొన్నది. ఆమె తెల్లబోయి నిలువగా, వెనుక వచ్చుచున్న వృద్ధురాలొకతె మాటయైన లేక తన గిన్నెనుండి మూడు నాణెములు తీసి ఈమె అరచేతిలో పెట్టి, ముందుకు సాగుమని కనుసైగ చేసెను. అష్టోత్తరశతము మనదియని ఆమెకు చెప్పవలెనని నాకపుడు తోచలేదు.

సంధ్యవేళ తా తియెన్ రేవున పడవ యెక్కి ఆవలియొడ్డునగల వాట్ అరుణ్‌కు పోయితిమి. సూర్యుని సారథియగు అరుణుని పేరిట వెలసిన ఆ గోపురము దూరమునకు తెల్లని రాతికట్టడమువలె కనబడును. దగ్గరకు పోయి చూడగా గోడలపై రేకులు రేకులుగా పూచినవన్నియు పింగాణి పెంకులు. చీనాదేశమునుండి వచ్చు ఓడలు అలలకు ఒరగకుండుటకై అడుగున బరువుగా వేసికొనివచ్చిన పింగాణిని ఏరి, సున్నములో పొదిగి, పూలుగా అమర్చినారు. ఒక రేకుపై నీలిరంగు తీగ సగము వరకే యున్నది. తక్కిన సగమున్న పెంకు ఏ పువ్వులో కలిసెనో! పెంకు చీనాదే, పువ్వు మాత్రము నిస్సందేహముగా వారిది.

ఇట్లనుటవలన భారతదేశపు ఋణము లేదనుట కాదు. ఆ రాజాస్థానపు బ్రాహ్మణులు తమ మూలము దక్షిణభారతమని చెప్పుకొందురు; వారి ఉత్సవములలో తమిళ స్తోత్రమగు తిరువెంబావై నేటికిని వినబడును. అట్టి బంధుత్వమును స్మరించుట ఉచితమే. అయితే బంధుత్వము వేరు, యాజమాన్యము వేరు. పదునొకండవ శతాబ్దమున నన్నయభట్టు వ్యాసుని భారతమును స్వీకరించి తెలుగు చేయనారంభించెను. అది సంస్కృతపువారి సొత్తు, మీదేమున్నదని ఎవరైన అనినచో మనమూరకుందుమా? మనకు వలసిన ఈ న్యాయము పరులకును చెల్లవలెను.

హైదరాబాదునుండి బ్యాంకాకునకు నేరుగా విమానములున్న ఈ రోజులలో, మన దంపతులెందరో ఆ ఊరు పోయి, ఐరావతముపై ఇంద్రుని చూచి, ‘అంతా మనదే’ అని ఛాయాచిత్రము తీసికొని, మూడు గంటలలో ముగించి అంగళ్లకు తరలుచున్నారు. తెలిసినదానిని మాత్రమే గుర్తుపట్టి వచ్చుటకు అంతదూరము పోనక్కరలేదు. పోవువారికి నా మనవి యొక్కటే: కోట మూసినారని ఎవరు చెప్పినను నమ్మక ద్వారమువరకు నడచి చూడుడు, లోపలి గోడలకు ఒక పూట పూర్తిగా కేటాయింపుడు, మీకు తెలియని ఘట్టము తారసపడినచోట దాటిపోక నిలువుడు. ఆ ఊరివారు స్వయముగా చేసినది అచ్చటనే యున్నది.