తాళంచెవి ఎవరి మొలలో ఉంది?

"మా ఆఫీసు మొత్తం క్లౌడ్‌కు వెళ్లిపోయిందండీ" అని కోలారులోనో, బంగారపేటలోనో, కేజీఎఫ్‌లోనో ఏ పెద్దమనిషి నాతో గొప్పగా చెప్పినా ఒకే ప్రశ్న అడుగుతాను. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? అంతే, మొహం మాడిపోతుంది. టెండరు ఎంతకు పోయిందో ఆయనకు తెలుసు. ప్రారంభోత్సవానికి ఎవరొచ్చారో, శాలువా ఎవరికి కప్పారో, ఫోటోలో తాను ఎడమనుంచి ఎన్నోవాడో అన్నీ తెలుసు. పాస్‌వర్డ్ సంగతి మాత్రం "మా కంప్యూటర్ అబ్బాయికి తెలుసు సార్". ఎవరయ్యా ఆ అబ్బాయి? కాంట్రాక్టు మీద వచ్చినవాడు. జీతం అడిగితే వచ్చే నెల చూద్దాంలే అని మీరు పంపించేసేవాడు. నలభై ఏళ్ల సంస్థ గుట్టంతా అతని ఫోనుకొచ్చే ఆరంకెల ఓటీపీలో ఉంది. దీనికి మీరు పెట్టుకున్న పేరు ఆధునికీకరణ. నా లెక్కలో ఇది ఒళ్లు బలిసిన నిర్లక్ష్యం.

కాగితం భక్తులు అప్పుడే చంకలు గుద్దుకోవద్దు. మీ తరఫున నేను వకాల్తా పుచ్చుకోలేదు. మీ ఎర్రగుడ్డ మూటల చరిత్ర ఈ జిల్లాకు తెలియనిదా? ఊరి లెక్కలు రాసే శానుభోగుడి పెట్టె దయతలచి తెరుచుకుంటే తప్ప రైతు తన భూమి తనదని చూపించుకోలేని రోజులవి. భూమి పత్రం పహణి కావాలంటే చేయి తడపాలి, ఖాతా మార్పించాలంటే చెప్పులరగాలి. 'భూమి' పథకం కింద సుమారు 67 లక్షల మంది రైతుల 2 కోట్ల పహణీలను కంప్యూటర్‌కెక్కించి, చేతిరాత పహణి ఇక చెల్లదన్నాకే ఆ పెట్టె పెత్తనం విరిగింది. ఇప్పుడు 'భూ సురక్ష' పేరుతో తాలూకాఫీసుల పాత రికార్డులు స్కాన్ చేయిస్తున్నారు. చేయించాల్సిందే. ఎకరం ధర లేచిన చోటే ఎలుకలకు ఆకలి లేస్తుంది. అవి సర్వే నంబరు చూసి మరీ కొరుకుతాయి.

ఇక రెండో రకం, "మా సర్వర్ మా గదిలోనే ఉండాలి" అని మీసం తిప్పేవాళ్లు. ఏదీ, చూపించండి ఆ గది. జిరాక్స్ మిషనుకూ చీపురుకట్టకూ మధ్య, యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఏడాదైనా మార్చే దిక్కులేక మూలుగుతున్న ఆ డబ్బానేనా? 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లలో దొంగలు పడి సుమారు 1.3 టెరాబైట్ల డేటాను ఎవరికీ పనికిరాకుండా బిగించేశారు. దేశంలోనే పేరుమోసిన ఆసుపత్రి దాదాపు రెండు వారాలు చీటీలు చేత్తో రాసుకుంది. అవి ఎయిమ్స్ సొంత సర్వర్లే. అక్కడ చేతకాని కాపలా మీ చీపురుగది కాస్తుందా?

అసలు దూరాన ఉన్నవాడి మీద ఆధారపడటమే తప్పని కేజీఎఫ్ గడ్డ మీద నిలబడి ఎవడూ అనకూడదు. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల తీగ లాగి ఇక్కడి బంగారు గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరుకు ఆ వెలుగు 1905లో గానీ రాలేదు. ఆ గనులు నడిపిన జాన్ టేలర్ కంపెనీ దొరలు మనకు చుట్టాలేం కాదు, మన బంగారం కోసం వచ్చినవాళ్లు. కానీ లెక్క తెలిసినవాళ్లు. మైసూరు ప్రభుత్వంతో ఒప్పందం రాసుకుని, ఎంత కరెంటు, ఎంత ధర, ఎన్నాళ్లు అని తేల్చుకున్నాకే ఆవిరి యంత్రాలను పక్కన పెట్టారు. తనకు కావలసింది దూరం నుంచి కొనుక్కోవడం ఈ ఊరికి నూట ఇరవై ఏళ్ల కిందటి విద్య. మరి ఇప్పుడెందుకు ఇంత గోల?

ఎందుకంటే కరెంటు వాడగానే అయిపోతుంది. నిన్నటి యూనిట్ల కోసం రేపు ఎవడూ రాడు. ఫైలు అలా కాదు. ముప్పై ఏళ్ల కిందటి కాగితం కోసమే మనిషి కోర్టు మెట్లెక్కుతాడు. కరెంటు ఇచ్చేవాడు ఆపేస్తే ఊరికి చీకటి. ఫైళ్లు దాచినవాడు ఆపేస్తే మీరు పుట్టనట్టే, పని చేయనట్టే, డబ్బు కట్టనట్టే.

ఈ మాట ఎవరికి అర్థం కాకపోయినా కేజీఎఫ్‌కు అర్థం కావాలి. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. మూడు వేల మందికి పైగా రోడ్డున పడ్డారు. 3 కిలోమీటర్ల లోతుకు దిగి రాయి కొట్టినవాడికి చివరికి మిగిలిన ఆస్తి ఏమిటి? సర్వీసు బుక్కు. పీఎఫ్ చీటీ. క్వార్టర్ అలాట్‌మెంట్ ఆర్డరు. ఛాంపియన్ రీఫ్‌లో, మారికుప్పంలో, ఊరిగాంలో ఇనుపపెట్టె అడుగున ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాచుకున్న ఆ నాలుగు కాగితాలే అతను మనిషినని రుజువు చేశాయి. "మాది చిన్న ఆఫీసు సార్, మా ఫైళ్లు ఎవడికి కావాలి" అనేవాళ్లూ, వినండి. దొంగకు అక్కర్లేదు. ఆ ఫైలులో పేరున్నవాడికి కావాలి. వాడు మీ లెక్కలో ఎవడూ కాడు, అదీ అసలు రోగం.

నా కళ్లముందు జరిగింది ఒకటి చెబుతాను, పేరు చెప్పను. మా వైపు ఒక సంస్థ. సాయంత్రం ఐదులోగా పైఆఫీసుకు మెయిల్‌లో జవాబు వెళ్లాలి. కొత్త కంప్యూటర్లో మెయిల్ తెరవబోతే ఓటీపీ అడిగింది. ఆ ఓటీపీ ఎప్పుడో పని మానేసిన ఆపరేటర్ ఫోనుకు పోయింది. అతను నరసాపుర ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నాడు, ఫోను గేటు దగ్గర లాకర్లో ఉంది. డెబ్బై దాటిన కార్యదర్శిగారు ఫోను చెవికి ఆనించుకుని "ఎత్తు నాయనా, ఎత్తు" అని రింగుకు దండాలు పెట్టారు. గుమాస్తా గోడగడియారం ముందు నిలబడ్డాడు, చూస్తే ఆగుతుందన్నట్టు. ఐదున్నరకు ఆ కుర్రాడే కంగారుగా చేశాడు: "ఏంసార్ ఇన్ని మిస్డ్ కాల్సు, అందరూ బాగున్నారా?" కుర్రాడిది ఏ తప్పూ లేదు. నంబరు మార్చుకోండని పోయేరోజే రాసి పెట్టి పోయాడు. ఎక్కడ రాశాడంటే, ఆ మెయిల్‌లోనే.

నవ్వొచ్చిందా? మీ ఆఫీసులో రికవరీ నంబరు ఎవరిదో చూసుకుని వచ్చి నవ్వండి.

ఊరికే వస్తే ఫినాయిల్ తాగే జాతి ఇంకొకటుంది. "ఉచితం కదండీ!" విద్యాసంస్థలకు ఎంత కావాలంటే అంత జాగా ఉచితమని గూగుల్ అంటే కాలేజీలన్నీ ఎగబడి నింపాయి. 2021లో గూగుల్ మాట మార్చింది, 2022 జులై నుంచి సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్లు అంది. అది దాని వ్యాపారం, దాని ఇష్టం. మోసం చేసిందని ఏడవడానికి మీరు రాయించుకున్న పత్రమేది? రెండు రూపాయల వడ్డీ దగ్గర మూడు సంతకాలు, ఇద్దరు సాక్షులు కావాలనే మనుషులు, సంస్థ ప్రాణాన్ని మాత్రం 'ఐ అగ్రీ' అని ఒక నొక్కు నొక్కి అప్పజెప్పేస్తారు.

ఇప్పుడు స్వదేశీ డప్పు. 2025 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ జోహో ఆఫీస్ వాడమంది, హోంమంత్రి అమిత్ షా జోహో మెయిల్‌కు మారానని ప్రకటించారు, సుమారు 12 లక్షల కేంద్ర ఉద్యోగుల మెయిళ్లు జోహో వేదిక మీదకు చేరాయని తెలిసింది. దేశం డబ్బు దేశంలో ఉంటుంది, సంతోషం. కానీ ఆ మార్పులో నేర్చుకోవాల్సింది కంపెనీ జెండా రంగు కాదు. ఉద్యోగుల చిరునామా చివర 'జీవోవీ డాట్ ఇన్', 'ఎన్ఐసీ డాట్ ఇన్' అలాగే ఉన్నాయి, ఆ పేర్లు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. రేపు ఇంకొకరి దగ్గరికి మారినా చిరునామా చెక్కుచెదరదు. మన డప్పుగాళ్లు ఆ ముక్క వదిలేసి, స్వదేశీ జిందాబాద్ అని వాట్సాప్‌లో స్టేటస్ పెట్టి, సంస్థ ఉత్తరాలు సొంత జీమెయిల్ నుంచి పంపుకుంటున్నారు. సిగ్గనిపించడం లేదా?

2025 జులైలో ఏం జరిగిందో గుర్తుందా? రష్యా వాటా ఉందని యూరప్ ఆంక్షలు పెడితే, గుజరాత్‌లో ఏటా 2 కోట్ల టన్నుల చమురు శుద్ధి చేసే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ మెయిల్ సహా తన సేవలు నిలిపేసింది. డబ్బు కట్టిన లైసెన్సులే. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకెక్కింది, కొద్ది రోజులకు సేవలు తిరిగొచ్చాయి. "మాకు రష్యాతో ఏం పని" అంటారా? మీ మీద ఆంక్షలు యూరప్ నుంచి రానక్కర్లేదు. రెన్యువల్ బిల్లు మీద సంతకం పెట్టకుండా ఊళ్లు తిరిగే మీ సొంత అధికారి చాలు.

పోనీ సొంత దేశం, సొంత ప్రభుత్వం, సొంత క్లౌడ్ అయితే? దక్షిణ కొరియాను అడగండి. 2025 సెప్టెంబర్ 26న దేజాన్‌లోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకున్నాయి. అధికారులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ కాలిపోయింది. 858 టెరాబైట్లు, బయట ఇంకో నకలు లేదు. మరీ పెద్దది కాబట్టి నకలు తీయలేదట! విదేశీ కాదు, దొంగ కాదు, ఎలుక కాదు. రెండో ప్రతి లేకపోవడం. అంతే.

చట్టాలు లేవా? ఉన్నాయి. 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థల రికార్డును ముందస్తు అనుమతి లేకుండా దేశం దాటిస్తే ఐదేళ్ల దాకా జైలు. జీపెక్కించి సరిహద్దు దాటిస్తే పట్టుకునే చట్టం, ఒక్క అటాచ్‌మెంట్‌తో సముద్రం దాటుతుంటే ఆవులిస్తోంది.

మారొద్దని నేననను. మారండి, ఇవాళే మారండి. కానీ మెయిల్ చిరునామా సంస్థ పేరు మీద కొనండి, మేనేజర్ బామ్మర్ది పేరు మీద కాదు. అడ్మిన్ ఖాతా పదవి పేరిట, ఇద్దరి చేతిలో ఉండాలి, ఒకరు బదిలీ అయిన రోజే తాళం మారాలి. ఒప్పందం తెగితే మీ ఫైళ్లు మీకు చదవగలిగే రూపంలో, ఇన్ని రోజుల్లో తిరిగిస్తామని కంపెనీతో సంతకం చేయించండి. రెండో నకలు ఇంకోచోట, ఇంకొకరి చేతిలో ఉంచండి. ఏడాదికోసారి ఆ నకలు తెరిచి పాత ఉత్తరం ఒకటి వెతికి చూడండి. దీనికి కోట్లు అక్కర్లేదు. ప్రారంభోత్సవం షామియానా ఖర్చు చాలు.

చేయరు. నాకు తెలుసు. ఇది చదివి నన్ను తిట్టుకుని టీ తాగుతారు. అందుకే మాట వాళ్లతో కాదు, మీతో. వాళ్ల ఫైల్లో పేరున్న మీతో. అది ప్రభుత్వ ఆఫీసైతే పది రూపాయలు పెట్టి ఆర్టీఐ వేయండి. అర్జీ 150 మాటలు దాటకూడదని కర్ణాటక నిబంధన, మనకు ఇరవై చాలు. మీ మెయిల్ ఎవరి పేరిట ఉంది? రెండో నకలు ఎక్కడుంది? దాన్ని చివరిసారి తెరిచి చూసిన తేదీ ఏది? ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. 'సమాచారం లభ్యం కాదు' అని వస్తే ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించుకోకండి, అప్పీలుకెళ్లండి. మీ పేరు మీ ఊళ్లోనే దొరకని రోజు వచ్చాక నన్ను వెతుక్కుంటూ వచ్చి లాభం లేదు.