సున్నా అంటే ఖాళీ కాదు

మొన్న వికారాబాదులో రైలెక్కి తాండూరు వెళుతుంటే, మా మనవడు జేబులోంచి బొమ్మ దిక్సూచి తీసి, "తాతా, సూర్యుడి మీద కూడా అయస్కాంతం ఉంటదట. అక్కడ ముల్లు పెట్టి చూసిందెవరు?" అన్నాడు.

"ముల్లు పెట్టలేదురా, వెలుగునే అడిగారు" అన్నాను. సూర్యకాంతిని రంగులుగా విడదీస్తే మధ్యమధ్య సన్నని నల్లగీతలు కనిపిస్తాయి. అయస్కాంత బలం ఉన్నచోట ఆ గీతలు చీలుతాయి. ఈ కిటుకు 1896లో హాలండులో జీమన్ కనిపెట్టాడు. 1908లో అమెరికాలో హేల్ దానితోనే సూర్యుని మచ్చలలో అయస్కాంతం ఉన్నట్టు తేల్చాడు. పెద్ద మచ్చల్లో ఆ బలం 3,000 గాస్‌ల దాకా ఉంటుంది. మన భూమి మీద సుమారు అర గాస్!

"మరి మచ్చల్లేని చోట?"

చిక్కంతా అక్కడే. సూర్యుని పైభాగం ఎసరులా ఉడుకుతూ ఉంటుంది. ఒక్కొక్క బుడగ సుమారు 1,000 కిలోమీటర్లు. ఆ బుడగల సందుల్లో ఉత్తర, దక్షిణ ధ్రువాలు చిన్నచిన్న ముళ్లలా పక్కపక్కనే ఉంటాయి. ఇంత దూరం నుంచి రెండూ ఒకే చుక్కలో పడి, ఒకదాని గుర్తును మరొకటి చెరిపేస్తుంది. పరికరం సున్నా చూపిస్తుంది.

ఎదుటి బల్లమీది కందుల వ్యాపారి నవ్వాడు. "నా ఖాతా అంతే సారూ. పొద్దుగాల లక్ష వచ్చింది, మాపటికి లక్ష పోయింది. నికరం సున్నా. అంటే దుకాణం తెరవనట్టేనా?"

అంతకన్నా బాగా నేను చెప్పలేను!

కిటికీ బయట పేర్చిన నాపరాళ్ల మీద ఎండకు గాలి అల్లల్లాడుతోంది. దూరదర్శినికీ ఈ బెడదే. చిన్న ముళ్లు అలుక్కుపోతాయి. అందుకే ఉదయపూర్‌లో సూర్యుణ్ణి చూసే వేధశాలను ఫతేసాగర్ చెరువు మధ్య దీవిలో కట్టారు. నీటి చుట్టూ గాలి నిలకడగా ఉంటుంది. జపాను 2006లో గాలినే దాటి హినోదె ఉపగ్రహాన్ని పంపింది. అది సుమారు 200 కిలోమీటర్ల ముక్కలను విడివిడిగా చూసింది. ఖాళీ అనుకున్న చోట్లా అయస్కాంతమే!

5,500 డిగ్రీల ఉపరితలం పైన ఉన్న కరోనా 10 లక్షల డిగ్రీలు దాటి ఎందుకు కాగుతోందన్న ప్రశ్నకు జవాబు ఈ చిన్న ముళ్లలో కొంతైనా దొరకవచ్చునని శాస్త్రజ్ఞుల ఆశ.

తాండూరులో దిగుతూ మావాడు మెల్లగా, "తాతా, నాన్న నా మార్కుల సగటే చూసి తిట్టిండు. లెక్కల్లో 90 వచ్చినయ్" అన్నాడు.

ఆ రాత్రి మా అబ్బాయితో మాట్లాడవలసిన పని నాకు పడింది.