కీటకము భ్రమరమగునా?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణానికి కొలువుల కోసం తరలి వెళ్ళిన తెలుగువారు తమ భాషతోపాటు పెద్దల మాటలనూ వెంట తీసుకొనిపోయారు. ఆ పట్టణంలో ఒక పేట పేరు తాల్‌బగీచా; అనగా తాటితోట. అక్కడి ఇంటి గోడ మీదనైనా, కోనసీమలోని ఇంటి గోడ మీదనైనా కందిరీగ కట్టే మట్టిగూడు ఒక్క తీరుగానే ఉంటుంది. భ్రమరకీట న్యాయానికి ఆధారం ఆ గూడే. భ్రమరం పురుగును తెచ్చి గూటిలో బంధిస్తుందనీ, ఆ పురుగు భ్రమరాన్నే ధ్యానించి తుదకు తానే భ్రమరమై వెలువడుతుందనీ పూర్వుల భావన.

వేదాంతానికి అది చక్కని ఉపమానమే. కాని గూటిలో జరిగేది వేరు. కందిరీగ పురుగును కుట్టి, చంపకుండా కదలలేని స్థితికి తెస్తుంది. గూటిలో గ్రుడ్డు పెడుతుంది. గ్రుడ్డు నుండి పుట్టిన పిల్ల ఆ పురుగును తిని పెరుగుతుంది. బయటికి వచ్చేది మారిన పురుగు కాదు, కందిరీగ బిడ్డ.

గూడు కట్టకనే ఇట్టి పని చేసే చిన్న కందిరీగలు వేలాది జాతులున్నవి. వీటిని బదనికలంటారు. వాటిలో బ్రాకాన్ హెబిటర్ ఒకటి. పొడవు రెండు మూడు మిల్లీమీటర్లే. తాటి, కొబ్బరి ఆకులను గోకి తినే నల్లతల పురుగుకు ఇది శత్రువు. ఆ పురుగు ఎత్తైన చెట్టున, ఆకు అడుగున, దారాల గూటిలో దాగి ఉండటంచేత మందు చల్లి నిర్మూలించడం కష్టం. అందుచేత అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో ఈ బదనికలను పెంచి కొబ్బరి తోటలకు అందిస్తూ వచ్చారు.

తోటకు కావలసినవి ఆడ ఈగలే. మగవాటికి కొండి లేదు. మరి ఆడ, మగ ఎట్లు ఏర్పడుతున్నవి? ఫలదీకరణం చెందిన గ్రుడ్డు ఇరవై క్రోమోసోములతో ఆడది కాగలదు. చెందనిది పది క్రోమోసోములతో మగదవుతుంది. కనుక మగ బ్రాకాన్‌కు మాతామహుడున్నాడు గాని తండ్రి లేడు!

ఫలదీకరణం జరిగినంత మాత్రాన కూతురు పుడుతుందన్న నియమమూ లేదు. లింగాన్ని నిర్ణయించే జన్యువుకు పలు రూపాలున్నవని అమెరికా శాస్త్రజ్ఞుడు వైటింగ్ 1943లో నిరూపించాడు. తల్లి నుండి ఒక రూపం, తండ్రి నుండి వేరొక రూపం సంక్రమిస్తేనే ఆడది. రెండూ ఒకటే అయితే ఆ గ్రుడ్లలో అధికభాగం నశిస్తుంది. మిగిలినవి మగవే అవుతాయి, వాటివలన సంతతి దాదాపు కలగదు.

ప్రయోగశాలలో ఒకే కుదురు సంతతి తరతరాలుగా తమలో తామే జతకూడితే, ఈ రూపాలు ఒక్కొక్కటే అంతరిస్తాయి. కూతుళ్ళ సంఖ్య తగ్గుతుంది. తోటలో వదలిన ఈగల లెక్క ఘనంగానే కనబడుతుంది గాని పురుగును కుట్టేవి కొన్నే. నివారణోపాయం సులభమే: తోటల నుండి క్రొత్త ఈగలను తెచ్చి పెంపకంలో కలుపుతూ ఉండాలి.

సగోత్రం కూడదన్న కట్టుబాటును మనిషి నోటితో చెప్పుకున్నాడు. ఈ అల్పప్రాణికి అది పుట్టుకలోనే వ్రాసి ఉన్నది.