ప్రొబేషన్ అధికారికి ఏది అసలైన అర్హత?

ఇరవై ఒక్క ఏళ్లు నిండని యువకుడు ఒక చిన్న దొంగతనం కేసులో దోషిగా తేలాడనుకుందాం. అతణ్ని జైలుకు పంపే ముందు న్యాయస్థానం ప్రొబేషన్ అధికారి నుంచి నివేదిక తెప్పించుకుని పరిశీలించాలి. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం 6వ సెక్షన్ చెబుతున్నది ఇదే. అధికారి ఆ యువకుడి ఇంటికి వెళ్లాలి, కుటుంబంతోనూ ఇరుగుపొరుగుతోనూ మాట్లాడాలి, అతని నడవడిక గురించీ ఇంటి పరిస్థితుల గురించీ కోర్టుకు తెలపాలి. కుర్రవాడు ఇంటికి చేరతాడా, జైలు గడప తొక్కుతాడా అన్నది చాలావరకు ఆ కొద్ది పేజీల మీద ఆధారపడి ఉంటుంది.

ఇంత బరువైన పని చేసే ఉద్యోగికి ఏ అర్హతలుండాలో చట్టం చెప్పలేదు. రాష్ట్ర ప్రభుత్వం నియమించినవారు లేదా గుర్తించినవారు ప్రొబేషన్ అధికారులు కావచ్చునని 13వ సెక్షన్ అంటుంది. మిగతాది నియమావళులకే వదిలేసింది. ఆ నియమావళుల్లో సాధారణంగా కనిపించేవి మనకు తెలిసినవే: డిగ్రీ, సోషల్ వర్క్ లేదా సమాజశాస్త్రం వంటి విషయాల్లో చదువు, వయోపరిమితి, ఆరోగ్య ధ్రువపత్రం. వీటిలో ఏదీ అనవసరం కాదు. అయితే ఈ ఉద్యోగానికి ప్రాణమైన అర్హత ఒకటి వీటన్నిటి వెలుపల ఉండిపోయింది. కుల అనుమానం లేని చూపుతో ఒక పేద ఇంటి గడప దాటగలగడమే ఆ అర్హత.

దీన్ని అతిశయోక్తిగా కొట్టివేయడానికి మన చరిత్ర ఒప్పుకోదు. 1871లో వలస పాలకులు కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేశారు. మన నేలమీద స్టువార్టుపురం, కప్పరాళ్లతిప్ప వంటి సెటిల్‌మెంట్లు ఆ విధానం నుంచి పుట్టినవే. దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది. కానీ పరిపాలనలో పాతుకుపోయిన అనుమానం కాగితంతో పాటు చిరిగిపోలేదు. జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నియమాలు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 అక్టోబరు దాకా ఆగవలసి వచ్చింది. ఖైదీల రిజిస్టర్లలోని కులం గడిని తొలగించాలని కూడా ఆ తీర్పు ఆదేశించింది. రిజిస్టరులో గడిని కొట్టివేయవచ్చు. నివేదిక రాసేవారి మనసులోని గడిని కొట్టివేసేదెవరు?

ఎరుకల వాడలోనో మాదిగ పల్లెలోనో అధికారి అడుగుపెట్టినప్పుడు ఏం చూస్తారో ఆలోచించండి. తండ్రి వలస కూలీ, ఏడాదిలో సగం రోజులు ఊళ్లో ఉండడు. తల్లి తెల్లవారకముందే పనికి వెళుతుంది. కుర్రవాడు చదువు మధ్యలో మానేశాడు. ఇవన్నీ పేదరికం వేసిన గుర్తులు. వీటినే ‘పర్యవేక్షణ లేని కుటుంబం’, ‘చెడు పరిసరాలు’ అని రాస్తే ఆ కుటుంబపు నేరాలవుతాయి. పొరుగువారి అభిప్రాయం కోసం ఊరి పెద్దను అడిగితే ఎవరి మాట నివేదికకెక్కుతుందో మనకు తెలుసు. పైగా 7వ సెక్షన్ ప్రకారం ఈ నివేదిక రహస్య పత్రం. న్యాయమూర్తి తగునని భావిస్తేనే దాని సారాంశం ముద్దాయికి తెలుస్తుంది. తన గురించి ఏం రాశారో తెలియని మనిషి దాన్ని ఎలా ఖండించగలడు?

కులానికీ ప్రొబేషన్‌కూ సంబంధం ఉందని పార్లమెంటుకు తెలియక కాదు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 19వ సెక్షన్, పద్దెనిమిదేళ్లు దాటిన దోషులకు ప్రొబేషన్ వర్తించదని స్పష్టంగా చెప్పింది. దళితులపై నేరం చేసినవారికి ఆ ఉదారత దక్కకూడదని అలా కట్టడి చేసింది. మరి అదే ఉదారత దళిత, ఆదివాసీ, విముక్త జాతుల యువతకు దక్కకుండా పోయే ప్రమాదానికి ఏ కట్టడి ఉంది? ఈ రెండో వైపు గురించి చట్టం మౌనంగా ఉంది.

ఈ మౌనానికి మూల్యం తక్కువేమీ కాదు. చట్టం కింద ప్రొబేషన్ పొందినవారికి, దోషిగా తేలినందువల్ల చట్టపరంగా కలిగే అనర్హత అంటదని 12వ సెక్షన్ చెబుతుంది. ఇంటిలో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన కుర్రవాడికి ఆ ఒక్క వాక్యం ఒక జీవితంతో సమానం.

అందుకే నియామక ప్రమాణాలను తిరగరాయాలి. మొదటిది, పరీక్ష సిలబస్‌లో నేరస్థ తెగల చట్ట చరిత్ర, అత్యాచారాల నిరోధక చట్టం, విముక్త జాతుల జీవన పరిస్థితులు తప్పనిసరి కావాలి. రెండోది, బహుళైచ్ఛిక ప్రశ్నలతో సరిపెట్టకుండా, ఒక కుటుంబ స్థితిగతులు ఇచ్చి అభ్యర్థి చేత నివేదిక రాయించాలి. చూసిన వాస్తవానికీ, విన్న పుకారుకీ, సొంత అభిప్రాయానికీ తేడా పాటించారా లేదా అన్నది అక్కడే తేలుతుంది. మూడోది, బాలల సంరక్షణ విభాగాల్లో ‘లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్ల’ను కాంట్రాక్టుపై నియమించే పద్ధతి పోవాలి. ఏటా కొనసాగింపు కోసం ఎదురుచూసే ఉద్యోగి స్థానిక పెత్తనానికి ఎదురు నిలిచి నిజం రాయగలరని ఆశించలేం. నాలుగోది, ఈ పోస్టుల్లో రిజర్వేషన్ అమలు వివరాలను జిల్లాలవారీగా బహిరంగపరచాలి.

దీనివల్ల ప్రతిభ దెబ్బతింటుందని అనేవారుంటారు. ఈ ఉద్యోగంలో ప్రతిభ అంటే వాడలోని మనిషిని మనిషిగా చదవగలగడమే. అలాగని ప్రాతినిధ్యం ఒక్కటే చాలునని కూడా నేననను. దళిత అధికారిని నియమించి, వ్యవస్థ పక్షపాతాన్ని సరిదిద్దే భారమంతా వారి భుజాన వేయడం మరో అన్యాయం. ప్రాతినిధ్యమూ శిక్షణా రెండూ కావాలి. నివేదికకు ముద్దాయి జవాబు చెప్పుకొనే హక్కు కూడా కావాలి.

ఈ చట్టాన్ని నేరశిక్షా సంస్కరణలో మైలురాయిగా గుర్తించిన తొలి తీర్పుల్లో ఒకటి జస్టిస్ కోకా సుబ్బారావు రాసినది. పదహారేళ్ల కుర్రవాడి కేసు అది. చట్టం ఉదారంగానే ఉంది. దాన్ని మోసుకుని వాడ గడప దాకా వెళ్లే మనిషిని ఎంచుకోవడంలోనే మన ప్రభుత్వాల చిత్తశుద్ధి తేలాలి.