బొమ్మ కారులో మిగిలిన శేషం

మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా నేల మీద చతికిలబడి బొమ్మ కారు చేసుకుంటూ కనబడితే మీరేమంటారు? నవ్వుతారు గదా! మా ఇంట్లోనూ అదే జరిగింది. యాభై దాటిన సైన్సు మాస్టారు తన కొడుకు చిన్ననాటి ప్లాస్టిక్ ఇటుకల డబ్బాను అటక మీద నుంచి దింపి, రాత్రి భోజనాలయ్యాక అంబాసిడర్ కారు కట్టడానికి కూర్చుంటే ఎవరికి మాత్రం నవ్వు రాదు? నవ్వితే నవ్వనివ్వండి. "పదో తరగతికి వచ్చావు, ఇంకా బొమ్మలేమిటి?" అని మిమ్మల్ని కసిరేవాళ్లతో మాత్రం నాకొక పేచీ ఉంది. ఆ పేచీలో నా సాక్ష్యం ఆ కారే.

ముందు ఇటుకల సంగతి తెలుసుకుందాం. డెన్మార్క్ దేశంలో బిలుండ్ అనే ఊళ్లో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. తర్వాత వాటికి లెగో అని పేరు పెట్టాడు. డేనిష్ భాషలో "బాగా ఆడుకో" అనే అర్థమిచ్చే రెండు మాటలను కుదిస్తే వచ్చిన పేరది. పైన బొడిపెలు, అడుగున గొట్టాలు ఉన్న ఇప్పటి ప్లాస్టిక్ ఇటుకకు 1958లో పేటెంటు కోరారు. ఆ ఏడాది చేసిన ఇటుకను ఈనాటి ఇటుక మీద పెట్టి నొక్కండి, టక్కున అతుక్కుంటుంది. కొలత అంత కచ్చితమన్నమాట.

ఒక బొడిపె నడిమి నుంచి పక్క బొడిపె నడిమికి దూరం 8 మి.మీ. ఇటుక ఎత్తు 9.6 మి.మీ. పలుచని ఇటుకలు కూడా ఉంటాయి. వాటిని పలకలు అందాం. పలక మందం 3.2 మి.మీ. అంటే మూడు పలకలు ఒక ఇటుక ఎత్తు. ఈ మూడు అంకెలూ గుర్తుంచుకోండి, మన కథంతా వీటితోనే.

డబ్బాతో వచ్చే పుస్తకం చూసి, అందులో ఉన్న కారును ఉన్నట్టు కట్టడం ఒక పని. మనకు నచ్చిన బండిని, పుస్తకం లేకుండా, మనమే రూపొందించడం వేరే పని. రెండోదాని కోసం ప్రపంచంలో చాలా దేశాల్లో ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్లు రాత్రిళ్లు మేలుకుంటున్నారు. ఎందుకు మేలుకోవలసి వస్తుందో నాకు అంబాసిడర్ కారుతో తెలిసింది.

1950ల చివరి నుంచి 2014 దాకా మన దేశంలో తయారైన ఆ కారు మీ తాతయ్యలకు బాగా తెలుసు. దాని వెడల్పు 1662 మి.మీ., పొడవు 4325 మి.మీ. నా దగ్గరున్న ఇటుకలనుబట్టి బొమ్మ కారు వెడల్పు 6 బొడిపెలు, అంటే 48 మి.మీ. అనుకున్నాను. 1662ను 48తో భాగిస్తే 34.6 వస్తుంది. అసలు కారు బొమ్మకు అన్ని రెట్లన్నమాట. ఇక పొడవు కూడా అదే నిష్పత్తిలో తగ్గించాలి. 4325ను 34.6తో భాగిస్తే 125 మి.మీ. దాన్ని 8తో భాగించండి. 15 బొడిపెలు పోను 5 మి.మీ. మిగిలింది.

ఈ శేషాన్ని ఏం చేయాలి? 15 బొడిపెలతో సరిపెడితే అసలు కారులో 17 సెంటీమీటర్లు కోసేసినట్టు. 16 పెడితే 11 సెంటీమీటర్లు సాగదీసినట్టు. అంబాసిడర్‌ను రోజూ చూసినవాడి కన్ను రెండింటినీ పట్టేస్తుంది.

మీ పాఠ్యపుస్తకంలో లెక్కలు ఇలా ఉండవు. కారు వేగం గంటకు 60 కి.మీ., దూరం 180 కి.మీ., జవాబు 3 గంటలు. చక్కగా సరిపోతుంది, సరిపోయేట్టు ముందే కుదిర్చి పెట్టారు కాబట్టి. ముప్పై ఏళ్లుగా నేనూ అలాంటి లెక్కలే ఇస్తున్నాను. మీకు పట్టికల్లో తప్పు రాకూడదని అలా చేస్తాం, అందులో దురుద్దేశం లేదు. కాని దానివల్ల జవాబు సరిపోకపోతే ఎక్కడో పొరపాటు చేశామని మీరు భయపడతారు. వంతెన కట్టేవాడికి, పంపు బిగించేవాడికి, కుట్టుమిషను మీద జాకెట్టు కత్తిరించేవాడికి ఒక్క లెక్కా సరిపోదు. శేషాన్ని ఎక్కడ దాచాలో తెలియడమే వాళ్ల విద్య.

నా శేషం సంగతి మూడు వారాల తర్వాత తెమిలింది. 8, 3.2 అనే అంకెల కనిష్ఠ సామాన్య గుణిజం చూడండి: 16. అంటే ఐదు పలకల మందం రెండు బొడిపెల దూరానికి సరిగ్గా సమానం. కాబట్టి పలకలను పడుకోబెట్టనక్కరలేదు, నిలబెట్టి కారు ముఖానికి అంటించవచ్చు. పక్కకు బొడిపె ఉన్న ఇటుకలు ఇందుకు దొరుకుతాయి. ఇప్పుడు నాకు 8 మి.మీ. మెట్లతోబాటు 3.2 మి.మీ. మెట్లు కూడా వచ్చాయి. 14 బొడిపెలు 112 మి.మీ., నిలబెట్టిన పలకలు నాలుగు 12.8 మి.మీ. మొత్తం 124.8! ముందు జాలీ, బంపరు కోసం రెండు పలకలు, వెనుక రెండు. పైకి కనిపించేవి బొడిపెలు లేని నున్నటి పలకలు. అంతే. అర్ధరాత్రి ఒక్కడినీ నవ్వుకున్నాను.

అన్నీ ఇలా కుదరలేదు లెండి. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం 8.9 బొడిపెలు రావాలి, 9 పెట్టి ఊరుకున్నాను. లెగో మనిషిబొమ్మలు 4 సెంటీమీటర్ల పొట్టివాళ్లు, పైగా భుజాలు వెడల్పు. అసలు అంబాసిడర్ ముందు సీటులో ముగ్గురు సర్దుకునేవారు, ఇందులో ఇద్దరికే ఇరుకు. మొదటిసారి కట్టిన కారును పైకెత్తగానే నడుమ రెండుగా విరిగింది. ఇటుకల అతుకు మీద అతుకు వచ్చింది మరి! గోడ కట్టే మేస్త్రీ అలా ఎన్నడూ చేయడు. ఆ మాట నాకు తెలియక కాదు, చేతికి తెలియలేదు.

ఇంతలో ఒక పాత తప్పు గుర్తుకొచ్చింది. ఇరవై ఏళ్ల క్రితం తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు నా పీరియడులో బల్ల కింద అట్టముక్కలతో బస్సు చేసుకుంటూ దొరికాడు. లాక్కుని బీరువాలో పడేసి, పరీక్షలయ్యాక ఇచ్చాను. వెనుక చక్రాల తర్వాత బస్సు ఎంత పొడవుగా ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? వాడు గమనించాడు. ఆ బస్సు చూడగానే మా ఊరి రోడ్డు మీద తిరిగే బస్సే అనిపించింది. ఎలా కొలిచావురా అని ఒక్క మాట అడగలేదు నేను. ఇప్పుడు అడుగుదామంటే వాడెక్కడున్నాడో తెలియదు.

బొమ్మ కార్లు కట్టేవాళ్లకు గౌరవం దొరకదని కాదు. ఇంగ్లండులో కార్ల్ గ్రేట్రిక్స్ అనే ఆయన కేటర్‌హామ్ సెవెన్ అనే చిన్న రేసు కారును ఇటుకలతో రూపొందించాడు. పదివేల మంది బాగుందని ఓటు వేస్తే ఆ నమూనాను పరిశీలించే పద్ధతి లెగో కంపెనీలో ఉంది. అలా ఎంపికై, 2016లో ఆ కారు డబ్బాగా అంగళ్లకు వచ్చింది.

"మాస్టారూ, ఆ ఇటుకల ఖరీదు మాకెక్కడ అందుతుంది?" అంటారు మీరు. నిజమే, అవి చాలా ఖరీదు. మా అబ్బాయి డబ్బా లేకపోతే నేనూ కొనేవాణ్ణి కాదు. కాని రూపొందించడానికి ఇటుకలు అక్కరలేదు. 1995లో ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ జెస్సిమన్ ఎల్‌డ్రా అనే కంప్యూటర్ ప్రోగ్రాం రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. అందులో ఇటుకలు తెర మీదే పేర్చుకోవచ్చు. కంప్యూటరూ లేదంటారా? మి.మీ. గళ్ల గ్రాఫు కాగితం ఉంది గదా! వెడల్పుకు 8, ఎత్తుకు 3.2 చొప్పున గీతలు గీస్తే ఇటుక అసలు సైజులోనే కాగితం మీదికి వస్తుంది.

మొదట మీ వీధిలో ఆగే ఆటోను పట్టుకోండి. డ్రైవరు గారిని అడిగి టేపుతో కొలవండి. ఒక చిక్కు మాత్రం ముందే చెబుతాను. ఆటోకు ముందు ఒకటే చక్రం, సరిగ్గా నడుమ. నాలుగో ఆరో బొడిపెల వెడల్పు తీసుకుంటే నడుమ బొడిపె ఉండదు, రెండు బొడిపెల మధ్య సందు ఉంటుంది. ఐదు తీసుకుంటే నడుమ బొడిపె దొరుకుతుంది కాని వెనుక చక్రాల దగ్గర వేరే తంటా వస్తుంది. ఏది ఎంచుకుంటారో, ఎందుకో కాగితం మీద గీసి మీ మాస్టారికి చూపించండి. పీరియడు మధ్యలో గీస్తూ దొరికితే, ఆయన కాగితం లాక్కుంటే, ఈ పేజీ కూడా ఆయన చేతికివ్వండి.