జిల్లా చీలినది, మన లెక్క మాయమైనది

“ధర్మపురిలో తెలుగువారెక్కడ? మీవారందరును కృష్ణగిరిలో ఉన్నారు కదా!” తెలుగు ఉపాధ్యాయుని కొరకు మహజరు చేతబట్టుకొని ఒక కార్యాలయమునకు పోయిన మాకు లభించిన సమాధానమిది. అన్నవారు నవ్వుచునే అన్నారు. మేము నవ్వలేకపోతిమి.

ఆ పెద్దమనిషికి ఈ సీమ చరిత్ర తెలియదనుకొందము. ఇది బారామహలు. అంతకు పూర్వము అతియమానుల తగడూరు. తమిళము ఇచ్చట ప్రాచీనమని ఒప్పుకొనుటకు మనకెన్నడును సంకోచము లేదు. విజయనగర ప్రభువుల కాలమున జగదేవరాయల వంశమువారు ఈ సీమను ఏలిరి. పిదప ఇది మైసూరు వశమై, హైదరు, టిప్పూల చేతినుండి 1792 శ్రీరంగపట్టణ సంధితో కుంపిణీవారికి దక్కినది. కెప్టెన్ రీడును, అతని సహాయకుడగు మన్రోయును పొలములు కొలిపించి శిస్తు కట్టిరి. 1911లో తిరుప్పత్తూరు తాలూకాను సేలమునుండి తీసి ఉత్తరార్కాడునకు చేర్చిరి. 1965 అక్టోబరు 2న సేలమునుండి ధర్మపురి జిల్లా వేరైనది. హోసూరు, కృష్ణగిరి అప్పుడు మనతోనే ఉండెను. 2004 ఫిబ్రవరి 9న అవి కృష్ణగిరి జిల్లా పేర విడిపోయినవి. శిస్తు కొరకు ఒక గీత, పరిపాలనా సౌకర్యము కొరకు మరియొక గీత. వీనిలో ఏ గీతయు భాషను చూచి గీసినది కాదు. పాపిరెడ్డిపట్టి మాత్రము మన జిల్లాలోనే మిగిలినది; దాని పేరులోని రెడ్డిని కృష్ణగిరికి పంపుటకు ఎవరికిని తోచలేదు కాబోలు!

ఒక గిడ్డంగిలోని సరకును రెండు గిడ్డంగులకు పంచి, సరకు తరిగినదని చిట్టాలో వ్రాసిన గుమస్తాను ఏ వర్తకుడైనను మరునాడు కొలువులో ఉంచుకొనునా? మన విషయమున జరిగినది అదియే. జిల్లా చీలినది గాని, ఇండ్లు కదలలేదు. ఇంటిలో తెలుగు మాటాడు తల్లులు కదలలేదు.

అసలు జిల్లాయే ప్రమాణమని ఎవరు చెప్పిరి? పటాస్కరు సూత్రము ననుసరించి ఆంధ్ర, మద్రాసు రాష్ట్రముల సరిహద్దు సవరింపబడి 1960 ఏప్రిలు 1న అమలునకు వచ్చినపుడు గ్రామమే ప్రమాణము. తిరుత్తణిని పుచ్చుకొనునపుడు గ్రామము, తెలుగు పంతులును అడుగునపుడు జిల్లాయా? 1956లో కేంద్ర ప్రభుత్వము భాషా అల్పసంఖ్యాకుల రక్షణకై ప్రకటించిన పత్రము సయితము జిల్లాతో ఆగలేదు. ఏ తాలూకాలోనైనను, పురపాలక సంఘములోనైనను నూటికి 15 నుండి 20 మంది ఉన్నచో, ముఖ్యమైన ప్రకటనలు వారి భాషలోను వెలువడవలెనన్నది. ప్రాథమిక విద్యకు 1949లోనే విద్యామంత్రుల సమావేశము నిర్ణయించిన లెక్క ఇంకను చిన్నది: పాఠశాలలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది పిల్లలు. రాజ్యాంగములోని 350-ఎ అధికరణము మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పింపుమని రాష్ట్రములకు చెప్పుచున్నది. అందు జిల్లా జనసంఖ్య ప్రసక్తియే లేదు.

2006 నాటి చట్టము ప్రకారము మన పిల్లలు తమిళము చదువుచున్నారు, చదువుదురు గాక. దానికి మేమడ్డు చెప్పుట లేదు. దాని ప్రక్కన తెలుగునకు చోటడుగుచున్నాము.

తప్పు మనదియును కొంత కలదు. బడిలో చేర్చునపుడు మాతృభాష గడిలో “తమిళము” అని వ్రాయించి వచ్చు తండ్రులు మనలో ఎందరు? అడిగినచో, “ఎందుకొచ్చిన గొడవ” అందురు. పదిమందిని మనమే దాచినచో లేరనుటకు అధికారులకు అడ్డేమి? జూన్‌లో బడులు తెరచుటకు ముందే ఆ గడిలో తెలుగని వ్రాయించి, దరఖాస్తు నకలొకటి సంఘ కార్యాలయమునకు పంపుడు. ఈసారి తరగతివారీగా పేర్లు వ్రాసికొని మరల ఆ కార్యాలయమునకే పోవుదము.